క్రిస్టెన్ నైగార్డ్

క్రిస్టెన్ నైగార్డ్ (ఆగష్టు 27, 1926 - ఆగష్టు 10, 2002) నార్వే దేశానికి చెందిన గణిత శాస్త్రజ్ఞుడు, కంప్యూటర్ శాస్త్రవేత్త, రాజకీయ కార్యకర్త. ఇతడు ఓలె యోహాన్ డాల్‌తో కలిసి సిమ్యులా అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించాడు. ఒక క్లాసు నుండి మరొక క్లాసు లక్షణాలను వారసత్వంగా పొందడం, అలా వచ్చిన మెథడ్‌ను మార్చి వ్రాసుకోవడం (ఓవర్‌రైడింగ్) అనే భావనలకు ఈ భాషే మూలం. అందువలన వీరిద్దరినీ ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌కు ఆద్యులుగా పరిగణిస్తారు.

తొలి జీవితం

నైగార్డ్ ఓస్లో నగరంలో జన్మించాడు. 1948 నుండి 1960 వరకు నార్వే రక్షణ పరిశోధనా సంస్థలో పనిచేశాడు. అక్కడ మొదట గణన పనులు, తరువాత ఆపరేషన్స్ రీసెర్చ్ చేపట్టాడు. 1956లో ఓస్లో విశ్వవిద్యాలయం నుండి గణితంలో పట్టా పొందాడు. 1960లో నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో చేరాడు.

సిమ్యులా

మనుషులు, యంత్రాలు, వరుసలో వేచియుండే పనులు కలిసిన వ్యవస్థలను కంప్యూటరులో అనుకరించేందుకు తగిన భాష కావాలని నైగార్డ్ భావించాడు. డాల్‌తో కలిసి ఆల్గాల్ 60 ఆధారంగా సిమ్యులా తొలి రూపాన్ని తయారుచేశాడు. ఇది యూనివాక్ 1107 కంప్యూటరుపై పనిచేసింది. క్లాసు, ఉపక్లాసు భావనలను వీరు 1967 మే నెలలో ఓస్లో వద్ద జరిగిన సదస్సులో వివరించారు. వీటితో వెలువడిన భాషే సిమ్యులా 67.

వారసత్వ మెథడ్‌ల మార్పు

సిమ్యులా 67లో మాతృ క్లాసు రచయిత ఒక ప్రొసీజరును వర్చువల్ అని ప్రకటిస్తే, ఉపక్లాసు దాని స్థానంలో తన ప్రొసీజరును ఉంచవచ్చును. అప్పుడు మాతృ క్లాసులోని పాత కోడు కూడా ఆ కొత్త ప్రొసీజరునే పిలుస్తుంది. సీ ప్లస్ ప్లస్ ఈ పద్ధతిని సిమ్యులా నుండే స్వీకరించింది.

వ్యాపార సంస్థల సాఫ్ట్‌వేర్‌లో ఈ సౌకర్యానికి ఎంతో ప్రాముఖ్యత ఉంది. ఉదాహరణకు, కొనుగోలు చేసిన సాఫ్ట్‌వేర్‌లో బిల్లును భద్రపరచే మెథడ్‌ను ఒక సంస్థ మార్చదలచినదనుకుందాం. అసలు కోడునే దిద్దితే, తరువాతి వెర్షన్ వచ్చినపుడు ఆ మార్పులు చెరిగిపోవచ్చును. ఉపక్లాసులో మార్చి వ్రాస్తే అసలు కోడు చెక్కుచెదరదు. కానీ కొత్త మెథడ్ నుండి మాతృ మెథడ్‌ను పిలవడం మరచిపోతే, అది చేయవలసిన పన్ను లెక్కింపు, ఖాతాల నమోదు వంటి పనులు ఏ హెచ్చరికా లేకుండానే ఆగిపోతాయి.

నైగార్డ్ తన సహచరులతో కలిసి తరువాత రూపొందించిన బీటా భాష ఇందుకు వేరొక మార్గం చూపింది. ఇందులో ఉపక్లాసు మాతృ కోడును తొలగించలేదు. మాతృ కోడులో ఇన్నర్ అని గుర్తించిన చోట మాత్రమే తన పనిని చేర్చగలదు. దీనివలన భద్రత పెరిగినా, మాతృ క్లాసు రచయిత ముందుగా ఊహించని మార్పులకు చోటు ఉండదు. జావా వంటి భాషలు బీటా మార్గాన్ని కాక, మాతృ మెథడ్‌ను పిలిచే బాధ్యతను ఉపక్లాసు రచయితకే వదిలే మార్గాన్ని అనుసరించాయి.

సామాజిక కృషి

కంప్యూటర్ వ్యవస్థల రూపకల్పనలో వాటిని వాడే కార్మికులకు కూడా భాగం ఉండాలని నైగార్డ్ వాదించాడు. 1970లలో నార్వే ఇనుము, లోహ కార్మికుల సంఘంతో కలిసి ఈ దిశగా పరిశోధన చేశాడు. ఐరోపా సమాఖ్యలో నార్వే చేరికను వ్యతిరేకించిన ఉద్యమానికి 1990 నుండి 1995 వరకు నాయకత్వం వహించాడు. 1994 నవంబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో చేరిక ప్రతిపాదన ఓడిపోయింది.

పురస్కారాలు, మరణం

నైగార్డ్, డాల్‌లకు 2001 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం, 2002లో జాన్ వాన్ న్యూమన్ పతకం సంయుక్తంగా లభించాయి. డాల్ 2002 జూన్ 29న మరణించాడు. ఆరు వారాల తరువాత నైగార్డ్ తన 75వ యేట గుండెపోటుతో మరణించాడు.