తామ్రపర్ణిపై వంతెన కట్టించిన సులోచన ముదలియారు



రాజపాళయం నుండి శంకరన్‌కోవిల్ మీదుగా తిరునెల్వేలికి వైద్యానికో, పిల్లల చదువులకో మనలో అనేకులు వెళ్తుంటారు. అక్కడ జంక్షన్ నుండి పాళయంకోటకు పోయే బస్సు తామ్రపర్ణి నదిపై ఒక కమానుల వంతెన దాటుతుంది. అది కట్టించిన సులోచన ముదలియారును గూర్చి ఈ సంచికలో తెలిసికొందాము.

ముదలియారు కుంఫిణీ పాలనలో తిరునెల్వేలి కలెక్టరు కచేరీలో శిరస్తాదారు. పాళయంకోట అప్పటికే మిషనరీల సేవకు పేరుపొందిన ఊరు. సువార్తికుడైన రేనియస్ దొరగారు 1838లో అక్కడే ప్రభువునందు నిద్రించారు. ఆయన కాలమంతా ఈ రెండు ఊళ్ళ నడుమ వంతెన లేదు. వరదకాలంలో పడవే గతి. రోగులకైనా వ్యాపారులకైనా రేవులో నిరీక్షణ తప్పేది కాదు.

1840లో కలెక్టరు థాంప్సన్ దొర వంతెన తలపెట్టారు. ఖర్చు సుమారు 50,000 రూపాయలని తేలింది. ఆనాటికి అది పెద్ద సొమ్ము. చందాలు పోగుచేయవలసిన ముదలియారు, ఇతరులను అడుగుటకు బదులు తానే ఇవ్వ నిశ్చయించాడనీ, భార్య తన నగలు ముందుగా తెచ్చి ఇచ్చిందనీ అక్కడివారు నేటికీ చెప్పుకొంటారు. కెప్టెన్ ఫేబర్ నమూనా గీశారు. హార్స్‌లీ దొర పని నడిపించారు. లండనులోని వాటర్లూ వంతెనను పోలిన పదకొండు కమానులతో 1843లో వంతెన పూర్తయింది. 1869 వరదలో కొంత భాగం కొట్టుకుపోగా మరల కట్టారు. తరువాత వెడల్పు చేశారు. నేటికీ అది ఆయన పేరుతోనే ఉంది.

ముదలియారు మన విశ్వాసి కాడు. అయితే కపెర్నహూములో యూదులకు సమాజమందిరము కట్టించిన శతాధిపతియు అన్యుడే. అతని మేలును పెద్దలు ప్రభువు ఎదుట మరువక చెప్పారు.

తెలుగుదేశం విడిచి వచ్చిన మనకు ఈ తమిళనాడు నీడనిచ్చింది. మన కానుకలతో మన మందిరాలు కట్టుకొన్నాము, అది మంచిదే. కాని మన భాష రాని, మన సంఘములో లేని పొరుగువారికి మనమేమి కట్టి ఇచ్చాము? ఒక మంచినీటి కుళాయియా, ఒక పేదబిడ్డ ఫీజా? రానున్న సంఘకూటములలో ఈ సంగతి ప్రార్థనాపూర్వకముగా ఆలోచించి, ఒక్క పనినైనా ఆరంభించుదము.