వేటకు లెక్క నేర్పిన అల్డో లియోపోల్డ్

అల్డో లియోపోల్డ్ 1887లో అమెరికాలోని అయోవా రాష్ట్రం బర్లింగ్టన్‌లో పుట్టారు. మన తాతల్లాగే ఆయనా తండ్రి వెంట వేటకు తిరుగుతూ అడవిని నేర్చుకున్నారు. 1909లో అటవీశాఖలో చేరి అరిజోనా, న్యూమెక్సికో కొండల్లో పనిచేశారు. తోడేళ్ళు తగ్గితే జింకలు పెరుగుతాయని, వేటగాళ్ళకు అదే మేలని అప్పట్లో అందరిలాగే నమ్మారు. తోడేళ్ళను స్వయంగా కాల్చారు కూడా. తర్వాత తోడేళ్ళు లేని కొండల్లో జింకలు చిగురు కూడా మిగల్చకుండా మేసి, చివరికి ఆకలితో చావడం గమనించారు.

1933లో వేటజంతువుల నిర్వహణపై పాఠ్యపుస్తకం రాసి, అదే ఏడు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. ఎన్ని పుడుతున్నాయి, ఎన్ని చస్తున్నాయి, మేత ఎంత, దాక్కునే చోటు ఎంత అన్నది తెలిశాకే ఎన్నింటిని వేటాడవచ్చో తేల్చాలన్నది ఆయన పద్ధతి.

1940ల్లో విస్కాన్సిన్‌లో జింకలు మితిమీరాయి. మగవాటినే కొడితే మంద తగ్గదు కదా! ఆడ జింకల వేటకూ అనుమతివ్వాలని ఆయన పట్టుబట్టారు. 1943లో అనుమతి వచ్చింది. జనం ఆయన్ని తిట్టిపోశారు. అయినా మాట మార్చలేదు. పుస్తకాలకంటే ఈ మొండితనమే నాకు గొప్పగా తోస్తుంది.

1948 ఏప్రిల్ 21న పొరుగువారి పొలంలో గడ్డిమంట ఆర్పుతూ గుండెపోటుతో కన్నుమూశారు.