చెరువులను లెక్కపెట్టిన ఇంజనీరు

ప్రతి ఏటా సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం జరుపుకుంటాం. అది మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పుట్టినరోజు. ఆయన ఇంటిపేరు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామానిది. పూర్వీకులు అక్కడి నుండి మైసూరు రాజ్యానికి వలస వెళ్లారు. ఆయన పుట్టింది కర్ణాటకలోని ముద్దేనహళ్లిలో. చిన్నతనంలోనే తండ్రి చనిపోయారు. బెంగుళూరులో ఒక ఇంట్లో పిల్లలకు ట్యూషన్లు చెబుతూ డిగ్రీ పూర్తి చేశారు. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మనకు ఆ కష్టం వేరే చెప్పనక్కరలేదు. తరువాత పూనాలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు.

బి.టెక్. చదివే మన సీనియర్లకు ప్రాజెక్టు మేనేజ్‌మెంట్‌లో రిస్కులు గుర్తించడం అని ఒక పాఠం ఉంటుంది. పరీక్ష కోసం బట్టీ పట్టే పాఠమే అనుకోండి. ఆయన ఆ పని హైదరాబాదులో చేసి చూపించారు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది కొట్టుకుపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బ్రతికారని చెబుతారు. నిజాం ప్రభుత్వం పిలుపుపై విశ్వేశ్వరయ్య గారు 1909లో వచ్చారు. అప్పటికే బొంబాయి ఉద్యోగం వదిలేశారు.

వచ్చీరాగానే గోడలు కట్టమని చెప్పలేదు. అసలు అంత నీరు ఎక్కడి నుండి వచ్చిందని అడిగారు. వర్షపాతం లెక్కలు తెప్పించారు. నగరానికి ఎగువన ఉన్న చెరువులను లెక్క వేయిస్తే ఎనిమిది వందలకు దగ్గరగా తేలాయి. వాటిలో రెండు వందలకు పైగా ఆ వానకు తెగిపోయాయి. పై చెరువు తెగితే ఆ నీరు క్రింది చెరువు మీద పడుతుంది, అదీ తెగుతుంది. ఒక్కో చెరువూ చిన్నదే, ఊరి వాళ్లకు అన్నం పెట్టేదే. అన్నీ ఒకేసారి తెగితే ఏమవుతుందో అంతకు ముందు ఎవరూ ఆలోచించినట్లు లేదు. వానను మనం ఆపలేం. కానీ ఈ ప్రమాదం లెక్కకు అందేదే.

అందుకే నగరానికి పైన మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి, వరదను అక్కడే ఆపి మెల్లగా వదలాలని నివేదిక ఇచ్చారు. నగరంలో నది గట్లు ఎత్తు చేయడం, ఒడ్డున తోటలు వేయడం కూడా అందులో ఉన్నాయి. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఆ రెండింటినీ ఆయనే కట్టారని కొందరు వ్రాస్తారు, అది సరికాదు. ఆలోచన ఆయనది, నిర్మాణం తరువాతి ఇంజనీర్లది. అవి దశాబ్దాలపాటు నగరానికి మంచినీళ్లు కూడా ఇచ్చాయి.

1909లోనే ఆయన మైసూరుకు చీఫ్ ఇంజనీరుగా వెళ్లారు. 1912 నుండి 1918 వరకు దివానుగా పనిచేశారు. 1955లో భారతరత్న వచ్చింది. నూరేళ్లు నిండాక 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

2020 అక్టోబరులో హైదరాబాదులో కుండపోతగా వాన పడింది. పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి, దిగువ బస్తీలు మునిగిపోయాయి.