వరాహగిరి వేంకటగిరి

వరాహగిరి వేంకటగిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన గంజాం మండలమందలి బరంపురమున జన్మించిరి. తండ్రి జోగయ్యపంతులుగారు న్యాయవాది. గిరిగారు ఐర్లండులో న్యాయశాస్త్రమభ్యసించి, 1916లో స్వదేశమునకు మరలివచ్చి, రైల్వే కార్మికుల సేవకు పూనుకొనిరి. యజమానులు, కార్మికులు ఎదురెదుట కూర్చుండి తగవులు తీర్చుకొనవలెనని వారి దృఢవిశ్వాసము.

1952లో పాతపట్నమునుండి లోక్‌సభకు ఎన్నికై, కేంద్ర కార్మికమంత్రియైరి. బ్యాంకు ఉద్యోగుల వేతనములపై వచ్చిన తీర్పును ప్రభుత్వము సవరింపగా, 1954లో ఆ పదవిని త్యజించిరి.

1957లో వారు పార్వతీపురమున పోటీచేసిరి. అది ద్విసభ్య నియోజకవర్గము. ఒక స్థానము గిరిజనులకు ప్రత్యేకింపబడినది, రెండవది అందరిది. ప్రతి ఓటరునకును రెండు ఓట్లుండెను. వానిని ఇరువురు వేర్వేరు అభ్యర్థులకు వేయవలెను. లెక్కింపులో ఇద్దరు గిరిజన అభ్యర్థులే ముందు నిలిచిరి. అధికముగ ఓట్లు పొందినవారికి ప్రత్యేకస్థానమును, తరువాతివారికి సామాన్యస్థానమును లభించినవి. గిరిగారు స్వల్పమైన తేడాతో ఓడిరి. సామాన్యస్థానము తమకే చెందవలెనని వారు వాదించిరి. గిరిజనుడు సామాన్యస్థానమునకును అర్హుడేయని 1959లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. 1961లో ద్విసభ్య నియోజకవర్గములు రద్దయ్యెను.

1969లో రాష్ట్రపతి జాకీర్ హుస్సేనుగారు మరణింపగా, ఆగస్టు 16న ఎన్నిక జరిగెను. రాష్ట్రపతిని పార్లమెంటు సభ్యులును శాసనసభ్యులును ఎన్నుకొందురు. వారు అభ్యర్థుల పేర్లకెదురుగ 1, 2, 3 అని తమ ఇష్టక్రమమును తెలుపుదురు. గెలుపునకు సగమునకు మించిన ఓట్లు కావలెను. నాడు కావలసినవి 4,18,169. మొదటి లెక్కింపులో గిరిగారికి 4,01,515, నీలం సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌గారికి 1,12,769 వచ్చినవి. అందరికంటె ముందున్నను గిరిగారు గెలిచినట్లు కాలేదు. అల్పముగ ఓట్లు వచ్చినవారిని ఒక్కొక్కరినే తొలగించి, వారి ఓట్లను తరువాతి ఇష్టమును బట్టి పంచిరి. ఆ ఓట్లలో అధికభాగము సంజీవరెడ్డిగారికే చేరెను. అయినను 4,20,077 ఓట్లతో గిరిగారే గెలిచిరి. సంజీవరెడ్డిగారికి 4,05,427 లభించెను. రెండవ ఇష్టపు ఓట్లవలన ఫలితము తేలిన రాష్ట్రపతి ఎన్నిక అదియొక్కటియే.

1975లో భారతరత్న పొందిన గిరిగారు 1980 జూన్ 24న పరమపదించిరి.

గోదావరిఖని ప్రాంతపు సింగరేణి గనులలో 1998నుండి కార్మికులు తమ పక్షమున మాటాడు సంఘమును రహస్య ఓటుతో ఎన్నుకొనుచున్నారు. అందు అధికముగ ఓట్లు వచ్చిన సంఘమునకే గుర్తింపు. ఓటు విలువ దానిని లెక్కించు పద్ధతిపై ఆధారపడియుండును. కావున ఓటరు అభ్యర్థినే కాక, ఆ పద్ధతిని కూడ ఎరిగియుండవలెను.