కల్నల్ సి.కె. నాయుడు

తెలుగుదేశమున జన్మింపకున్నను తెలుగువారు తమవాడని గర్వించు క్రీడాకారులలో కల్నల్ కొఠారి కనకయ్య నాయుడుగారు అగ్రగణ్యులు. వారి పూర్వుల నివాసము మచిలీపట్నము. నాయుడుగారు 1895 అక్టోబరు 31న నాగపురమున జన్మించిరి.

1916లో హిందువుల జట్టు పక్షమున ఐరోపీయులపై ఆడి ప్రథమశ్రేణి క్రికెట్టున ప్రవేశించిరి. అప్పటికే ఏడుగురు అవుటై జట్టు సంకటమున నుండెను. నాయుడుగారు మూడు బంతులను నిబ్బరముగా ఆపి, నాల్గవదానిని సిక్సరుగా పంపిరి. ఆ ధైర్యమే కడవరకు వారి ఆటకు గుర్తయ్యెను.

1923లో హోల్కరు మహారాజు ఆహ్వానముపై ఇండోరు చేరి సంస్థాన సైన్యమున అధికారియైరి. 1926లో ఇంగ్లండునుండి ఎం.సి.సి. జట్టు వచ్చినపుడు బొంబాయి జింఖానా మైదానమున 116 నిమిషములలో 153 పరుగులు తీసిరి. అందు సిక్సర్లు 11. భారతీయులు దొరలకు దీటుగా ఆడగలరను నమ్మకము నాడు జనులలో నాటుకొనెను.

అయినను ఆ కాలమున జట్టు నాయకత్వము రాజులదే. 1932 ఇంగ్లండు పర్యటనకు పోరుబందరు మహారాజు నాయకుడు, లింబ్డి రాజకుమారుడు ఉపనాయకుడు. జూన్ 25న లార్డ్స్‌లో తొలి టెస్టు ఆరంభమగునాటికి వారిరువురును ఆడకపోవుటచే ఆ భారము నాయుడుగారిపై బడెను. వారే భారతదేశపు ప్రథమ టెస్టు నాయకులు. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినను తొలి ఇన్నింగ్సులో జట్టుకెల్ల అధికముగా 40 పరుగులు చేసిరి. భారతజట్టు 158 పరుగులతో ఓడినను గౌరవము నిలుపుకొనెను. ఆ పర్యటనలో నాయుడుగారు కొట్టిన సిక్సర్లు 32.

1933–34లో జార్డిన్ జట్టుపైనను వారే నాయకులు. కాని 1936లో ఆ పదవి విజయనగరము మహారాజకుమారునికి దక్కెను. తెలుగువాని స్థానమును తెలుగుదేశపు రాజకుమారుడే గైకొనెను. ఆటలో మాత్రము ఇరువురకు పోలిక లేదు. నాయుడుగారు సామాన్య క్రీడాకారులుగానే బరిలో దిగిరి. ఓవల్ టెస్టులో అలెన్ విసరిన బంతి దేహమునకు బలముగా తగిలినను వెనుదీయక 81 పరుగులు చేసిరి. టెస్టులలో వారి అత్యధిక స్కోరదియే. వారి కడపటి టెస్టును అదియే.

ఆడిన టెస్టులు 7, పరుగులు 350 మాత్రమే. కాని వారి ఘనతను ఈ అంకెలతో తూచరాదు. వారి నాయకత్వమున హోల్కరు జట్టు నాలుగుమార్లు రంజీ ట్రోఫీ గెలిచెను. 1953–54లో ఆంధ్రజట్టు తొలిసారి రంజీ బరిలో నిలిచినపుడు దానికిని వారే నాయకులు. అరువది యొకటవ యేట ఉత్తరప్రదేశ్ జట్టును నడిపిరి.

1956లో పద్మభూషణ బిరుదము పొందిన నాయుడుగారు 1967 నవంబరు 14న ఇండోరులో పరమపదించిరి. 1994లో క్రికెట్ బోర్డు వారి పేర పురస్కారము నెలకొల్పెను. రాచరికము వలన గాక తన బ్యాటు బలముననే నాయకుడైన వానికి ఇది తగిన స్మారకము.