ఇంజను ఊపిరి ఎరిగిన వనిత

ఎండకాలంలో మధిర బజారు దాటి వైరా దారినో, ఎర్రుపాలెం దారినో పోయే లారీ వెనుక నడచినవారికి దుమ్మును గూర్చి వేరే చెప్పనక్కరలేదు. దారిప్రక్క షెడ్డులో మెకానిక్కు ఎయిర్ ఫిల్టరును ఊడదీసి, నేలకు తట్టి దుమ్ము రాల్చుతూ వుంటే బడిపిల్లలు నిలబడి చూస్తారు. ఒక్క లీటరు పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. ఇంజను త్రాగేది పెట్రోలని మనమనుకుంటాము గాని, నిజానికి అది బ్రతికేది గాలి మీద. ఆ గాలితోపాటు ఇసుక రేణువులు లోనికి పోతే సిలిండరు గోడలు అరుగుతాయి. ఫిల్టరు మరీ దట్టమైతే ఊపిరాడక బలం తగ్గుతుంది. పాతకాలపు స్పోర్ట్స్ కార్లను ప్రాణప్రదంగా చూచుకొనేవారికి ఈ తగవు నేటికీ తీరలేదు. ఫిల్టరు తీసి బాకావంటి గొట్టం బిగిస్తే వేగం పెరుగుతుంది, వుంచితే ఇంజనుకు ఆయుర్దాయం పెరుగుతుంది.

గాలికీ పెట్రోలుకూ గల ఈ పొత్తును జీవితమంతా పరిశీలించిన ఒక ఆంగ్ల వనిత కథ మన ప్రాంతపు చరిత్రతో కూడ ఒకచోట ముడిపడి వున్నది. ఆమె పేరు బియాట్రిస్ షిల్లింగ్.

ఆమె 1909 మార్చి 8వ తేదీన ఇంగ్లండులోని హాంప్‌షైర్‌లో వాటర్లూవిల్ అనే ఊళ్లో జన్మించింది. తండ్రి మాంసం వర్తకుడు. తోటి బాలికలు బొమ్మలు కొనుక్కొనే వయస్సులో ఈమె చేతిఖర్చుల డబ్బుతో పనిముట్లు కొనేదట. పదునాలుగవ యేట ఒక మోటారు సైకిలు సంపాదించి, దానిని విప్పి మళ్లీ బిగించడంలో పడింది. బడి చదువు ముగిశాక, మార్గరెట్ పార్ట్రిడ్జి అనే విద్యుత్ ఇంజనీరు వద్ద శిష్యురాలిగా చేరి, పల్లెలకు దీపాలు పెట్టే పని నేర్చింది. స్త్రీని ఇంజనీరింగు తరగతిలోకి రానివ్వడమే విడ్డూరంగా వున్న ఆ దినాలలో, ఈమెను మాంచెస్టరు విశ్వవిద్యాలయానికి పంపించినది ఆ పార్ట్రిడ్జి ప్రోత్సాహమే. 1932లో విద్యుత్ ఇంజనీరింగులో పట్టమూ, మరుసటి యేడు యంత్రశాస్త్రంలో పై పట్టమూ వచ్చాయి. పిమ్మట బర్మింగ్‌హాములో ఒక ఆచార్యునికి సహాయకురాలిగా, గాలిని బలవంతాన ఇంజనులోకి నెట్టే సూపర్‌చార్జరును గూర్చి పరిశోధనలు చేసింది. తరువాతి పనులన్నిటికీ పునాది ఇక్కడనే పడింది.

చదివినదానిని ఆమె కాగితం మీద వుంచలేదు. తన నార్టన్ మోటారు సైకిలును స్వయంగా సవరించి, 1934లో బ్రూక్‌లాండ్స్ పందెపు బాటలో గంటకు 100 మైళ్లు దాటిన వేగంతో ఒక చుట్టు తిరిగి, ఆ వేగానికి ఇచ్చే బంగారు నక్షత్రపు పతకం పొందింది. ఆ పతకం పొందిన స్త్రీలు మొత్తం ముగ్గురే. తనను పెండ్లాడగోరిన జార్జి నేలర్ కూడ ముందు అదే పతకం తెచ్చుకోవాలని ఆమె పట్టుబట్టిందని ఒక కథ చెప్పుకుంటారు. కథ మాట ఎట్లున్నా, ఆయన పతకం తెచ్చుకొన్నాడు, 1938లో వివాహమూ జరిగింది.

అప్పటికే, 1936లో, ఆమె ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంటు అనే ప్రభుత్వ విమాన పరిశోధనాలయంలో వుద్యోగంలో చేరింది. మూడేళ్లకు యుద్ధం వచ్చింది.

బ్రిటిష్ వారి స్పిట్‌ఫయిర్, హరికేన్ విమానాలకు బలం రోల్స్ రాయిస్ వారి మెర్లిన్ ఇంజను. దానికి పెట్రోలునూ గాలినీ కలిపి అందించేది ఎస్.యు. కార్బురేటరు. అందులో ఒక చిన్న గిన్నె, గిన్నెలో తేలే బుడ్డి వుంటాయి. పెట్రోలు నిండగానే బుడ్డి పైకి తేలి దారి మూస్తుంది, తగ్గగానే దిగి దారి తెరుస్తుంది. మన ఇండ్లలో నీటి తొట్టెకు వుండే తేలుడు బంతి ఏర్పాటే ఇది. నేలమీద నడిచే కారుకు ఇది చాలు. కాని పైలట్టు శత్రువును వెన్నంటి విమానం ముక్కును హఠాత్తుగా క్రిందికి వంచినప్పుడు, మెరక దాటిన బండిలో మన కడుపు పైకి లేచినట్లు, పెట్రోలు గిన్నె పైభాగానికి ఎగసేది. మొదట ఇంజనుకు పెట్రోలు అందక ఒక క్షణం తడబడేది. పైకెగసిన పెట్రోలు బుడ్డిని క్రిందికి నొక్కడంతో దారి బార్లా తెరుచుకొని పెట్రోలు వరదగా వచ్చిపడేది. అప్పుడు గాలి చాలక, పెట్రోలు ఎక్కువై, ఇంజను మునిగిపోయి చల్లారేది. జర్మనుల మెసర్‌ష్మిట్ విమానాలలో పెట్రోలును సరాసరి సిలిండరులోకి చిమ్మే ఏర్పాటుండడంచేత వారికీ బాధ లేదు. వారు నేరుగా క్రిందికి దూకి తప్పించుకొనేవారు. బ్రిటిష్ పైలట్టు విమానాన్ని సగం దొర్లించి, ఆ పిమ్మట దిగవలసి వచ్చేది. ఆ రెండు మూడు క్షణాలలో వేటాడేవాడే వేటగా మారవచ్చు.

మన ప్రాంతపు ముడి ఇక్కడ వున్నది. 1940లో ఇంగ్లండు దక్షిణ తీరాన్ని కాచిన స్పిట్‌ఫయిర్ దళాలలో 152వ దళం పేరు హైదరాబాదు దళం. నిజాం ప్రభువు ఇచ్చిన ధనానికి గుర్తుగా ఆ పేరు పెట్టి, ఆయన శిరోవేష్టనాన్నే దళపు చిహ్నంగా స్వీకరించారు. హరికేన్లు నడిపిన 253వ దళానికి కూడ హైదరాబాదు సంస్థానం పేరే. మధిర ఆనాడు నిజాం రాజ్యంలోనిది, ఖమ్మం జిల్లా ఏర్పడినది 1953లో. సంస్థానపు బొక్కసం నిండేది రైతు శిస్తుతో గనుక, మన తాలూకా రైతు చెమట కూడ కొంత ఆ మెర్లిన్ ఇంజనుల గర్జనలో కలిసిందనుకోవచ్చు. ఆ రైతును ఎవరూ అడిగి తీసుకోలేదన్న మాట వేరే.

ఇక విరుగుడు. కార్బురేటరునంతా మార్చాలంటే నెలలు, సంవత్సరాలు పట్టేవి. షిల్లింగ్ లెక్క వేసినది ఒక్కటే: ఇంజను పూర్ణబలంతో పనిచేసేటప్పుడు దానికి కావలసిన పెట్రోలు గరిష్ఠంగా ఎంత? సరిగా అంతమాత్రమే పోనిచ్చే రంధ్రంతో ఒక ఇత్తడి తొడుగును చేసి పెట్రోలు దారిలో బిగించింది. తరువాత అది చదునైన బిళ్లగా మారింది. దారి తెరుచుకొన్నా, వరదకు మాత్రం తావు లేకపోయింది. విమానాన్ని సేవనుంచి తప్పించకుండానే దీనిని అమర్చవచ్చు. ఆమె కొద్దిమంది సహాయకులతో 1941 మార్చి నుంచి విమానస్థావరాలు తిరిగి వీటిని బిగింపించింది. తన పాత నార్టన్ మీదనే కొన్నిచోట్లకు వెళ్లేదని అంటారు. షిల్లింగ్ అనేది ఇంగ్లండులో ఒక నాణెం పేరు గూడ కావడం కాకతాళీయం. పైలట్లు ఆ బిళ్లకు ఆమె పేరు కలిపి ఒక మోటు సరసపు పేరు పెట్టారు. అది తరగతి గదిలో చెప్పదగినది కాదు.

కొందరు రచయితలు ఈ బిళ్లయే 1940 నాటి గగనయుద్ధాన్ని గెలిపించిందని వ్రాస్తారు. తేదీలు చూచుకొనకపోవడంవల్ల కలిగిన పొరపాటు ఇది. బిళ్ల వచ్చేసరికి ఆ యుద్ధం ముగిసి నెలలు గడిచాయి. పైగా అది వ్యాధిని తగ్గించినదే గాని పూర్తిగా మాన్పలేదు, విమానాన్ని చాలాసేపు తలక్రిందులుగా నడపడానికి అది చాలదు. వేరు పద్ధతి కార్బురేటర్లు వచ్చేవరకు నిలబెట్టడమే దాని పని. తరువాతి యుద్ధ కాలంలో ఎందరో యువకులను ఇండ్లకు చేర్చిన ఘనత దానికి చాలు. లేని ఘనత అంటగట్టనక్కరలేదు.

గాలి సమస్య అంతటితో తీరలేదు. ఆఫ్రికా యెడారిలో మెర్లిన్ ఇంజనులు ఇసుక పీల్చి అరిగిపోతుంటే, స్పిట్‌ఫయిర్ గడ్డం క్రింద వోక్స్ వారి పెద్ద ఫిల్టరు తగిలించారు. ఇంజను బ్రతికింది, విమానం వేగం తగ్గింది. ఈజిప్టులోని అబూకీరు కర్మాగారంలో పనివాండ్రు దానికంటె చిన్న ఫిల్టరును తయారుచేసి నష్టాన్ని కొంత పూడ్చారు. ఇది షిల్లింగ్ పని గాదు. అయినా మధిర షెడ్డులోని తగవే యుద్ధరంగంలో ఎట్లు నడిచిందో తెలియడానికి చెప్పాను.

యుద్ధానంతరం దంపతులు మోటారు సైకిళ్లు వదలి కార్ల పందేలకు దిగారు. 1959 మొదలు 1962 వరకు ఆమె గుడ్‌వుడ్ బాటలో నడిపినది ఆస్టిన్-హీలీ స్ప్రైట్ అనే చిన్న స్పోర్ట్స్ కారు. మామూలు స్ప్రైటుకు వుండేవి రెండు ఎస్.యు. కార్బురేటర్లు. మెర్లిన్‌కు కార్బురేటరు చేసిన ఆ సంస్థవే. మన అంబాసిడర్ కార్లలో కూడ అనేకం ఆ కార్బురేటరుతో నడిచినవే. ఏబది దాటిన ఆమె ఆ కారును ఇంటివద్దనే సవరించుకొని, పందెంలో మొదటి స్థానం గూడ గెలిచింది. 1967లో అమెరికను పందెగాడు డాన్ గర్నీ ఈగిల్ కారు ఇంజను వేడెక్కిపోతుంటే సలహాకై ఆమెవద్దకు వచ్చారు.

పరిశోధనాలయంలో ఆమె పని క్షిపణుల దాకా, తడిసిన రన్‌వే మీద విమాన చక్రాలు జారే తీరు దాకా విస్తరించింది. 1969లో వుద్యోగం విరమించింది. ఆ యేడే సర్రే విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1990 నవంబరు 18న ఆమె మరణించేనాటికి మామూలు కార్లలో కూడ కార్బురేటరుకు కాలం చెల్లుతూ వున్నది. మెసర్‌ష్మిట్‌లో వలె పెట్రోలును చిమ్మే పద్ధతియే వాటిలోకి వచ్చి చేరింది.