రావి నారాయణరెడ్డి

రావి నారాయణరెడ్డి (1908 - 1991) తెలంగాణ రైతాంగ సాయుధ పోరాట నాయకుడు, ఆంధ్ర మహాసభ అధ్యక్షుడు, కమ్యూనిస్టు నేత, పార్లమెంటు సభ్యుడు. భూస్వాముల కుటుంబంలో పుట్టి భూస్వామ్యాన్ని ఎదిరించాడు. నిజాం ప్రభుత్వంపై ఆయుధం పట్టమని పిలుపునిచ్చిన ముగ్గురిలో ఒకడైన ఇతడే, తరువాత ఆ పోరాటాన్ని ఆపవలెనని సొంత పార్టీలో వాదించాడు.

బాల్యము, విద్య

నారాయణరెడ్డి నల్లగొండ జిల్లా భువనగిరి తాలూకా బొల్లేపల్లి గ్రామంలో జన్మించాడు. 2016లో జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత ఈ గ్రామం యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నది. హైదరాబాదులో చదువుకుంటున్న కాలంలో గాంధీజీ ప్రభావానికి లోనై, 1930లో చదువు వదలి కాకినాడకు వెళ్ళి ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నాడు.

హరిజన సేవ నుండి ఆంధ్ర మహాసభ వరకు

తిరిగివచ్చిన తరువాత హైదరాబాదు సంస్థానంలో హరిజన సేవక సంఘం బాధ్యతలు స్వీకరించి, నాటి అస్పృశ్య కులాల బాలుర కొరకు వసతి గృహాలు నడిపాడు. ఇతని జీవితంలో దీనికి తగిన స్థానం సాధారణంగా ఇవ్వబడదు. కాని ఊరి పెద్ద ఇంటి బిడ్డ, ఊరి బయట బ్రతికేవారి పిల్లల తిండి, చదువుల బాధ్యత నెత్తికెత్తుకోవడం ఆ రోజులలో చిన్న సంగతి కాదు. తరువాతి కాలంలో తన సొంత భూములలో పెద్ద భాగాన్ని పేదలకు ఇచ్చివేశాడు.

1938 అక్టోబరులో హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ ప్రారంభించిన సత్యాగ్రహంలో తొలి దళ సభ్యునిగా జైలుకు వెళ్ళాడు. 1939లో కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. నాటి నల్లగొండ జిల్లాలో దేశ్‌ముఖుల చేతిలో వేల ఎకరాల భూములుండేవి. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలైన కులాలవారు దొర గడీకి కూలి లేకుండా వెట్టి చేయవలసి వచ్చేది. దానధర్మాలతో తీరే బాధ కాదిది. వసతి గృహం నడిపిన మనిషి వర్గ పోరాటం వైపు నడవడానికి కారణం ఇక్కడే వెదకాలి.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభ తొలి దశలో విద్యావంతుల సంస్థ. 1941లో చిలుకూరు, 1944లో భువనగిరి మహాసభలకు నారాయణరెడ్డి అధ్యక్షుడు. సభ్యత్వ రుసుము తగ్గడంతో కూలివాడు సైతం సభ్యుడు కాగలిగాడు. పల్లెలలో దీనిని జనం సంగం అని పిలుచుకున్నారు. భువనగిరి సభతో మితవాద వర్గం విడిపోయింది.

సాయుధ పోరాటము

1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పులలో దొడ్డి కొమరయ్య మరణించాడు. పోరాటం ఊరూరా పాకింది. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. కమ్యూనిస్టు పార్టీ లెక్కల ప్రకారం సుమారు 3,000 గ్రామాలలో సంగం పాలన సాగి, 10 లక్షల ఎకరాల భూమి పంపిణీ జరిగింది. 4,000 మంది ప్రాణాలు పోయాయి.

విరమణ వివాదము

1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చి నిజాం లొంగిపోయిన తరువాత, పోరాటం కొనసాగించవలెనా వద్దా అనే ప్రశ్న పార్టీ ముందు నిలిచింది. నారాయణరెడ్డి వద్దన్నాడు. ప్రజలు ఎదిరించినది నిజాంనూ, రజాకార్లనూ, దొరలనూ; వచ్చిన సైన్యాన్ని అధిక సంఖ్యాకులు స్వాగతించారు; ప్రజల నుండి వేరుపడిన దళాల చర్యలు ఉద్యమాన్నే బలి తీసుకుంటాయి అన్నది ఇతని వాదన సారాంశం. దళానికి అన్నం పెట్టినందుకు దెబ్బలు తిని జైలుకు పోయేది పల్లెవాసులే. ఈ వాదన కారణంగా సంస్కరణవాది అన్న ముద్ర ఇతనిపై పడింది. తన వైఖరిని నగ్నసత్యాల పేరిట వ్రాసి పార్టీ ముందుంచాడు. పోరాటం చివరకు 1951 అక్టోబరులో విరమించబడింది.

ఆలోగా, 1951 ఏప్రిల్ 18న, అదే భువనగిరి తాలూకాలోని పోచంపల్లిలో హరిజనులు 80 ఎకరాలు అడుగగా వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని వినోబా భావే ఎదుట ప్రకటించాడు. భూదానోద్యమానికి అది ఆరంభం. భూమి లేనివాని పట్ల భూమి ఉన్నవాని బాధ్యత ఏమిటి అన్న ఒకే ప్రశ్నకు ఒకే తాలూకాలో రెండు జవాబులు వచ్చాయన్నమాట.

పుచ్చలపల్లి సుందరయ్య తన గ్రంథంలో నారాయణరెడ్డి వైఖరిని తీవ్రంగా విమర్శించాడు. సైన్యం అండతో దొరలు తిరిగివస్తున్నపుడు, రైతు చేతికి వచ్చిన భూమిని ఆయుధం లేకుండా ఎవరు కాపాడతారు అన్నది అవతలి పక్షం ప్రశ్న. అదీ బలమైన ప్రశ్నే. ఎదుటి మనిషి పట్ల బాధ్యత నా స్వేచ్ఛ కంటే ముందుదని చెప్పిన ఫ్రెంచి తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ లెవినాస్ (1906 - 1995) నారాయణరెడ్డికి సమకాలికుడు. వీరిద్దరికీ లేని సంబంధం కల్పించనక్కరలేదు గాని, తత్త్వశాస్త్ర విద్యార్థులకు ఈ వివాదం మంచి పాఠం. ఇరుపక్షాలూ నిలబడింది ఆ పేద రైతు పక్షానే.

పార్లమెంటు జీవితము

హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉన్నందున 1952 ఎన్నికలలో ప్రజాస్వామ్య ఫ్రంటు (పి.డి.ఎఫ్.) అభ్యర్థిగా నల్లగొండ లోక్‌సభ స్థానంలో పోటీ చేసి మూడు లక్షలకు పైగా ఓట్లు పొందాడు. నెహ్రూకు వచ్చిన ఓట్ల కంటే ఇవి ఎక్కువ. నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గమైనందువల్లనే ఈ సంఖ్య అని కొందరు తేలికగా తీసివేస్తారు. నెహ్రూ పోటీ చేసినదీ ద్విసభ్య స్థానమే. నల్లగొండ రెండవ స్థానానికి సుంకం అచ్చాలు ఎన్నికయ్యాడు. నారాయణరెడ్డి 1957లో భువనగిరి నుండి శాసనసభకు, 1962లో తిరిగి నల్లగొండ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1964లో పార్టీ చీలినపుడు సి.పి.ఐ.లోనే ఉండిపోయాడు.

ఇతని స్వీయ జ్ఞాపకాల గ్రంథం వీర తెలంగాణ - నా అనుభవాలు, జ్ఞాపకాలు. సుందరయ్య గ్రంథంతో పక్కపక్కన పెట్టుకొని చదివితే వివాదం రెండు వైపులా తెలుస్తుంది. 1991 సెప్టెంబరులో మరణించాడు. 1992లో భారత ప్రభుత్వం మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది. హైదరాబాదు బంజారాహిల్స్‌లో ఇతని పేర ఒక సభామందిరం ఉన్నది.